కోరీ బీగ్‌లో రాయని పేర్లు

వెనక చక్రం బ్రేకు ప్యాడ్లు ఊడదీసి వెలుతురుకి పట్టి చూశాడు ఎవాండర్. గోరు మందం కూడా మిగల్లేదు. హైలాండ్స్‌లో అక్టోబరు అంటే అంతే. తడి ఇసుకలో ఒక్కరోజు కొండ దిగితే కొత్త ప్యాడ్లు కూడా పాతవైపోతాయి. కొత్తవి బిగిస్తుంటే షెడ్డు గుమ్మంలోకి సైకిలు యాత్రల కంపెనీ యజమాని లాక్లన్ వచ్చి నిలబడ్డాడు. చేతిలో కాఫీ కప్పు.

"లాడ్జి లేదు," అన్నాడు. "జింకల వేటకొచ్చినవాళ్ళు మొత్తం తీసేసుకున్నారు. మీరిద్దరూ ఈ రాత్రి కోరీ బీగ్‌లో పడుకోండి."

"కోరీ బీగ్ బోతీ కదా. కొండల్లో నడిచేవాళ్ళకి ఊరికే వదిలిన గది."

"బోతీ అని నాకు తెలీదా?"

"మనం డబ్బు పుచ్చుకుని తీసుకెళ్ళేవాళ్ళని అక్కడ పెట్టకూడదు. తలుపు మీదే రాసుంది."

"చదువుకున్నావే!" నవ్వాడు లాక్లన్. అతను విశ్వవిద్యాలయానికి వెళ్ళొచ్చినవాడు. ఎవాండర్ పదిహేనో ఏట బడి మానేశాడు. ఆ సంగతి గుర్తు చెయ్యడానికి లాక్లన్‌కి ఒక్క నవ్వు చాలు. "ఎవరైనా తగిలితే స్నేహితులమని చెప్పు. పుస్తకంలో మాత్రం ఏమీ రాయకు. ఇదేమన్నా మొదటిసారా నీకు?"

మొదటిసారి కాదు. అయిదోసారి. మొదటిసారి అడ్డం చెప్పి ఉంటే రెండోసారి ఉండేది కాదు. ఇప్పుడు చెబితే మిగతా నాలుగూ లేచి నిలబడతాయి. ఎవాండర్ తల వంచి బోల్టు బిగించాడు. పెద్దది కాకపోయినా అది అతని చేతిలో ఉన్న పని.

అతను తీసుకెళ్ళాల్సిన మనిషి పేరు నెట్టా. డండీలో బస్సు నడుపుతుంది. యాభై ఏడేళ్ళు, పొట్టి మనిషి, మోకాళ్ళకి బంతులంత రక్షణ డిప్పలు కట్టుకుంది. సైకిలు పాతదే గానీ చెయిను శుభ్రంగా, నూనె సరిగ్గా పడి ఉంది. ఎవాండర్ మనిషి మొహం కన్నా ముందు సైకిలు చెయిను చూస్తాడు. చూసి, బాగానే ఉందిలే అనుకున్నాడు. అంతకు మించి ఆమెని మెచ్చుకోవాలని అతనికి లేదు. సెలవులకొచ్చి కొండలు తొక్కి పోయేవాళ్ళంటే అతనికి పడదు. వాళ్ళు పెట్టే తిండే తింటున్నానన్నది ఇంకా పడదు.

దారి మొదట అడవి రోడ్డు. తర్వాత గొర్రెల బాట. ఆ తర్వాత బాట కూడా లేదు, రాళ్ళు, నల్ల బురద. సైకిలు భుజానికెత్తుకుని రెండు గంటలు ఎక్కాలి. ఎవాండర్ కుడి మోకాలు ప్రతి అడుక్కీ లోపల ఇసుక ఉన్నట్టు కరకరలాడింది.

"సైకిలు నన్ను మోస్తుందనుకుని వచ్చాను," వెనకనించి నెట్టా ఆయాసపడుతూ అంది. "నేనే దాన్ని మోస్తున్నాను. నా మొదటి మొగుడితోనూ ఇదే కథ."

"రెండో ఆయన?"

"ఆయన్ని మోయలేదు. వచ్చే స్టాపులో దింపేశాను."

ఎవాండర్‌కి నవ్వొచ్చింది. మొహం తిప్పుకున్నాడు.

మధ్యాహ్నం పడమటి ఏరు దాటారు. బూటు లేసులు తడిసేంత నీళ్ళు. అవతల లోయలో ఎక్కడో మగజింక గొంతు చించుకుని అరిచింది. దానికి ఇంకోటి జవాబు చెప్పింది. నాలుగింటికల్లా కోరీ బీగ్ కనబడింది. రెండు ఏర్ల మధ్య, గిన్నె అడుగులాంటి చోట ఒక రాతి గది, రేకు కప్పు, తాళం లేని తలుపు. లోపల చెక్క అరుగు, ఇనప పొయ్యి, మూల గోనెసంచిలో బొగ్గు. బల్ల మీద, తాడుతో కట్టిన పెన్నుతో, పుస్తకం.

ఎవాండర్ పొయ్యి రాజేస్తుంటే నెట్టా బూట్లు విప్పుకుని పుస్తకం ముందేసుకుంది. వచ్చినవాళ్ళు అందులో పేరు రాయాలి, ఎటునించి వచ్చారో, పొద్దున్న ఎటు పోతారో రాయాలి. ఎవరైనా తిరిగి ఇల్లు చేరకపోతే వెతికేవాళ్ళు మొదట తెరిచేది ఆ పుస్తకాన్నే.

"ఇది విను," అంది నెట్టా, గొంతు సవరించుకుని. "'సెప్టెంబరులో వచ్చి, నేను వీపున మోసుకొచ్చిన బొగ్గు కాల్చుకుని, బురదలో రెండు సైకిళ్ళ జాడలు వదిలి, పేరు మాత్రం వదలకుండా పోయిన దొరలకి: పేరు రాయడానికి బొగ్గు ఖర్చవదు. ఉనా.' ఎవరీ ఉనా? నాకు నచ్చింది."

"ఈ బోతీ చూసుకుంటుంది. ఊరికే. ఇదివరకు టపా పంచేది." ఎవాండర్ పొయ్యి తలుపు మూశాడు. సెప్టెంబరు దొర తనేనని చెప్పలేదు.

నెట్టా పెన్ను అందుకుంది.

"రాయకండి."

"ఏం?"

చెప్పాడు. పొయ్యి వైపే చూస్తూ, తక్కువ మాటల్లో చెప్పాడు. తెలిస్తే కంపెనీకి ఈ ఎస్టేట్ల నేలమీద తిరిగే అనుమతి పోతుంది. అంతకన్నా ముందు తన గైడు లైసెన్సు టికెట్టు పోతుంది. రాతపరీక్ష రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కి తెచ్చుకున్న టికెట్టు అది.

"అంటే ఎవరన్నా అడిగితే నేను నీ స్నేహితురాల్నన్నమాట."

"అవును."

"పొద్దున్న తొమ్మిదింటికి పరిచయం. నాకు ఇంత తొందరగా ఎవరూ స్నేహితులవరబ్బాయ్." పెన్ను బల్లమీద పెట్టింది గానీ చెయ్యి దానిమీదే ఉంచింది. "మా డిపోలో బండి నంబరు, రూటు, టైము రాయకుండా ఎవరూ గేటు దాటరు. ముప్ఫై ఏళ్ళు రాశాను. రాయకుండా పడుకుంటే లైటు ఆర్పకుండా పడుకున్నట్టుంటుంది."

"మీ ఇష్టం," అన్నాడు ఎవాండర్. ఆ మాట ఎంత దిగజారి వచ్చిందో అతనికే వినబడింది. నెట్టా అతని మొహం చూసి పుస్తకం మూసేసింది. జాలిపడి మూసింది. అది అతనికి ఒళ్ళు మండించింది.

ఓట్సు రొట్టెలూ జున్నూ తిన్నారు. రేకు మీద మొదటి చినుకులు పడ్డాయి.

*

పొద్దున్నకి వాన ఆగలేదు. మబ్బు కప్పు దాకా దిగింది. కోరీ బీగ్ నించి తూర్పు ఏటి దాకా మూడు కిలోమీటర్ల దిగుడు. ఈ మొత్తం దారిలో చేతకానివాడు సైకిలు దిగి నడిపించుకుని పోవాల్సిన చోటు అదే. నిటారు రాతి మెట్లు, వాటి మధ్య బాటకి అడ్డంగా, ఏటవాలుగా పాతిన అడ్డురాళ్ళు. వాననీరు బాటని కోసెయ్యకుండా పక్కకి తిప్పడానికి పాతినవి. మొత్తం నలభై ఒకటి. పంతొమ్మిదేళ్ళ కిందట ఎవాండరూ ఇంకో ముగ్గురూ ఆరు వారాలు ఈ బోతీలోనే ఉండి, గడ్డపారలతో ఆ రాళ్ళు పాతారు. అతని మోకాళ్ళు పోయింది ఆ రాళ్ళ కిందే.

"సీటు కిందకి దించండి. బరువంతా వెనక్కి. రాయి దగ్గరికొచ్చాక బ్రేకు వదిలెయ్యాలి, ముందు చక్రం ఎత్తాలి. రాయి మీద బ్రేకు పట్టారా, అది మిమ్మల్ని విసిరేస్తుంది."

"మంచు మీద బస్సు లాంటిదన్నమాట. భయమేసినప్పుడే కాలు తియ్యాలి."

అతను ముందు దిగాడు. ఎత్తడం, వదలడం, ఎత్తడం, వదలడం. మూడు రాళ్ళకోసారి ఆగి వెనక్కి చూశాడు. ఆమె వస్తోంది. నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, కళ్ళు చక్రం మీద కాక పది గజాల ముందుకి పెట్టి, సరిగ్గా వస్తోంది. ఇరవయ్యో రాయి దగ్గర అతను ఆగడం మానేశాడు. నీళ్ళు రాళ్ళని కొట్టి పక్కకి తిరుగుతున్నాయి. పంతొమ్మిదేళ్ళ తర్వాత కూడా రాళ్ళు వాటి పని అవి చేస్తున్నాయి. తూర్పు ఏటి హోరు వినబడసాగింది. అది వినబడాల్సిన దాని కన్నా పెద్దగా ఉంది.

ముప్ఫై తొమ్మిదో రాయి గురించి అతను చెప్పాల్సింది. ఆ రాయి అంచు ఉలితో కొట్టి గుండ్రం చెయ్యాలి. పాతిన రోజు శుక్రవారం. ఉలి మొద్దుబారింది, కిందకి పోయే బండి హారను కొడుతోంది. నడిచేవాళ్ళ బూట్లని అంచు ఏం చేస్తుందిలే అని వదిలేశాడు. సైకిళ్ళు వస్తే రానీ, వాళ్ళ టైర్లు పగలనీ అని నవ్వాడు కూడా. ఇప్పుడు తను అలవాటుకొద్దీ దాని పక్కనించి పోయాడు. ఆమె రాయి మీదనించే వచ్చింది.

టైరు బుస్సుమంది. చీలికలోంచి టైరులో పోసే తెల్లటి జిగురు పాలలాగా చిమ్మింది. ఎవాండర్ తిరిగి చూసేసరికి సైకిలు ఒకవైపు, నెట్టా ఒకవైపు పడి ఉన్నారు. ఆమె కేక పెట్టలేదు. ఎడమ చేతిని కుడి చేత్తో పొట్టకి అదుముకుని కూర్చుంది.

"విరిగింది. చప్పుడు నేను విన్నాను."

మెడ పక్కన కాలరు ఎముక చర్మాన్ని గుడారంలా ఎత్తి నిలబెట్టింది. ఎవాండర్ సంచిలోంచి ట్యూబు తీసి, దాన్ని మెడకి వేలాడగట్టి, చెయ్యి అందులో పెట్టాడు. మిగిలిన దారి దిగి ఏరు చూసొచ్చాడు. మామూలుగా మోకాలి లోతుండేది ఇవాళ గోధుమరంగు గోడలా పోతోంది. లోపల బండరాళ్ళు ఒకదాన్నొకటి కొట్టుకుంటున్న చప్పుడు.

సైకిళ్ళు అక్కడే పడేసి, ఆమె నడుం పట్టుకుని మూడు కిలోమీటర్లు వెనక్కి ఎక్కించాడు. గంటన్నర పట్టింది. ఆమెని పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, పరిగెత్తి పడమటి ఏరు చూశాడు. నిన్న బూటు లేసులు తడిపిన ఏరు ఒడ్డున హీథర్ పొదల్ని వేళ్ళతో సహా పీక్కుపోతోంది. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారు. ఇక్కడ రెండూ నూతులే. బయటికి మిగిలిన దారి ఒక్కటే. ఏర్లు పుట్టే చోటికి పైనించి, మబ్బులోంచి, అయిదు గంటల నడక. విరిగిన ఎముకతో ఆమె నడవలేదు. ఆమెని వదిలి తను నడవకూడదు.

గైడు దగ్గర ఉపగ్రహం ద్వారా మాట పంపే చిన్న పరికరం ఉంటుంది. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దది. ఒక పక్క చిన్న మూత, మూత కింద ఎర్ర మీట. మీట నొక్కితే కాపాడేవాళ్ళకి పోతుంది. ఎవాండర్ మీట నొక్కలేదు. లాక్లన్‌కి రాశాడు. రెండు వైపులా ఏరు, కాలరు ఎముక విరిగింది, కోరీ బీగ్. జవాబుకి ఇరవై నిమిషాలు పట్టింది.

"ఏమంటున్నాడు మీ దొర?" అంది నెట్టా. మొహం సున్నంలా ఉంది. కుడిచేతిలో టీ కప్పు.

దాచాలనే అనుకున్నాడు. పైకి చదివేశాడు. "'ఎర్రది నొక్కకు. నొక్కితే కాగితాలొస్తాయి. రేపటికి నీళ్ళు తగ్గుతాయి. మీరు సొంతంగా వెళ్ళినట్టే. టికెట్టు నీ పేరున ఉంది, నా పేరున లేదు. ఆలోచించుకో.'"

నెట్టా టీ ఒక గుక్క తాగింది.

"టికెట్టు పోతే ఏం చేస్తావు?"

"రాళ్ళు మోయలేను. చేపల పెంపకం వాళ్ళు నలభై దాటితే తీసుకోరు." భుజాలెగరేశాడు. "ఏదో ఒకటి."

"ఏదో ఒకటి అంటే ఏమీ లేదని. మా డిపోలో విన్నాన్లే ఆ మాట." ఆమె కప్పు కింద పెట్టింది. "అయితే రేపటి దాకా ఆగుదాం. ఎముకే కదా. నన్ను కన్నప్పుడు మా అమ్మ ఇంతకన్నా ఎక్కువే ఓర్చుకుంది."

ఆ మాట ఆమె నోటినించి వస్తుందని అతను అనుకోలేదు. తిట్టి ఉంటే బావుండేది. కంపెనీని తిట్టి, తనని తిట్టి, లాయరు పేరెత్తి ఉంటే తన బతుకు తనకి అర్థమయ్యేది. కుడితిలో పడ్డ ఎలుకకి ఎవరో గట్టు మీదనించి, నీకు ఇబ్బందిగా ఉందా, నేను తర్వాత వస్తాలే అన్నట్టుంది.

"చెయ్యి చూపించండి."

ఎడమచేతి వేళ్ళు చల్లగా ఉన్నాయి. పొయ్యి పక్కన కూర్చున్నా చల్లగా ఉన్నాయి. బొటనవేలి గోరు నొక్కి వదిలి లెక్కపెట్టాడు. రక్తం రెండు అంకెల్లో తిరిగి రావాలి. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అయిదు దగ్గర గోరు మెల్లగా ఎర్రబడింది.

"తిమ్మిరిగా ఉందా?"

"పొద్దున్నించీ." ఆమె అతని కళ్ళలోకి చూడలేదు. "నీకు చెప్పలేదు."

ఎముక ముక్క నరాన్నో రక్తనాళాన్నో నొక్కుతోంది. రెండుసార్లు తప్పిన పరీక్షలో ఈ ప్రశ్న ఉంది. మూడోసారి అతను సరిగ్గా రాసింది ఈ ప్రశ్నకే. ఇంకోసారి గోరు నొక్కాడు. మళ్ళీ అయిదు.

మూత తీసి ఎర్ర మీట నొక్కి పట్టుకున్నాడు. పరికరం మూడుసార్లు కిచకిచమంది.

"అబ్బాయ్," అంది నెట్టా.

"నా టికెట్టు, నా ఇష్టం," అన్నాడు.

*

మబ్బు లేచేదాకా హెలికాప్టరు రాదని జవాబొచ్చింది. నడిచి వచ్చేవాళ్ళు కూడుకుని రాత్రి పైదారిన బయల్దేరతారు. పొద్దున్నే చేరతారు. ఎవాండర్ తన దుప్పటి సంచీ కూడా ఆమె మీద కప్పాడు. చేతిని గుండెకి సమానమైన ఎత్తులో పెట్టి కింద గోనెసంచి దోపాడు. పదిహేను నిమిషాలకోసారి గోరు నొక్కి లెక్కపెట్టాడు. అయిదు. అయిదు. ఆరు. అయిదు. మధ్యలో ఆమె తను నడిపే రూట్లు చెప్పింది. ఏ మలుపులో ఏ ముసలమ్మ చెయ్యెత్తుతుందో, ఎవరు చిల్లర లేదని ప్రతి సోమవారం అబద్ధమాడతారో. అతను ఏ అడ్డురాయి ఎవరు పాతారో చెప్పాడు. ముప్ఫై తొమ్మిదోది కూడా చెప్పాడు, శుక్రవారం సంగతితో సహా.

ఆమె దుప్పటి సంచీ గడ్డం దాకా లాక్కుంది.

"రేపు వెళ్ళేటప్పుడు ఒక ఉలి కొనుక్కో," అంది.

ఆమె కళ్ళు మూసుకున్నాక, కిటికీలో ఇంకా బూడిదరంగు వెలుతురుండగానే, ఎవాండర్ పుస్తకం తెరిచాడు. రాయడం అతనికి ఎప్పుడూ ఉలిపనిలాగే ఉంటుంది. ఒక్కో అక్షరం కొట్టి కూర్చోబెట్టాలి. తన పేరు రాశాడు. ఆమె పేరు రాశాడు. కంపెనీ పేరు రాశాడు. డబ్బు తీసుకుని తీసుకొచ్చానని, తూర్పుకి పోబోయామని, ముప్ఫై తొమ్మిదో అడ్డురాయి అంచు తనే కొట్టకుండా వదిలేశానని రాశాడు. ఉనా రాసిన సెప్టెంబరు మాట కింద చోటుంటే అక్కడే రాశాడు.

తెల్లారాక తలుపు తోసుకుని ఏడుగురు లోపలికొచ్చారు, తడిసి, ఆవిర్లు కక్కుతూ. ముందున్నది ఉనాయే. అరవై దాటింది. ఈ చుట్టుపక్కల ఒక్కొక్కరికీ రెండు మూడు కొలువులు ఉంటాయి. ఉనా బోతీ చూసుకుంటుంది, కొండల్లో చిక్కుకున్నవాళ్ళని కూడా చూసుకుంటుంది. ఎవాండర్‌ని చూసి ఒక్క క్షణం ఆగింది.

"నువ్వేట్రా," అంది. "బాట వేసినవాడికే దారి తప్పిందా?"

"ఏరు తప్పింది."

"ఏరుకేం, అది ఎప్పుడూ అక్కడే ఉంటుంది." ఇద్దరు నెట్టా చెయ్యి చూస్తుంటే ఉనా తడవని సంచిలోంచి ఫారం తీసి మోకాలి మీద పెట్టుకుంది. పేరు, వయసు, ఎప్పుడు పడింది. "ఏ ప్రయాణం ఇది? సొంతమా, కంపెనీదా?"

ఎవాండర్ నోరు తెరిచాడు. మాట సిద్ధంగా ఉంది. రాత్రంతా నాలుక మీదే ఉంచుకున్నాడు.

"సొంతమే," అంది నెట్టా స్ట్రెచర్ మీదనించి. గొంతు స్థిరంగా ఉంది. ముప్ఫై ఏళ్ళు తనిఖీవాళ్ళతో మాట్లాడిన గొంతు. "మేం స్నేహితులం."

"నెట్టా."

"స్నేహితులం అన్నాను కదా అబ్బాయ్. నన్ను అబద్ధాలకోరుని చెయ్యకు."

ఉనా ఆమెని చూసింది, అతన్ని చూసింది, ఫారంలో 'సొంతం' అని రాసుకుంది. బయట మబ్బు చిరుగుతోంది. లోయ అడుగునించి రెక్కల చప్పుడు మొదలైంది.

నెట్టాని ఎక్కించేటప్పుడు ఆమె వేళ్ళు ఇంకోసారి నొక్కి చూశాడు. నాలుగు. రెక్కల గాలికి ఆమె ఏదో అరిచింది గానీ వినబళ్ళేదు. ఉలి అన్నట్టుగా పెదాలు కదిలాయి. హెలికాప్టరు కొండ అంచు దాటిపోయింది. మిగతావాళ్ళు తాళ్ళు చుట్టుకుంటూ బయటే ఉండిపోయారు.

ఎవాండర్ తన సంచి కోసం లోపలికొచ్చేసరికి ఉనా బల్ల దగ్గర నిలబడి ఉంది. పుస్తకం చదువుతోంది. వేలు వరస వెంట మెల్లగా నడిచి, చివరి దాకా వెళ్ళి ఆగింది. పొయ్యిలో ఇంకా నిప్పు ఉంది. ఆ పేజీ చించి వేస్తే ఒక్క మంటకి సరిపోదు. ఎవరూ అడగరు. ఫారంలో సొంతం అని ఉంది, సంతకం ఉంది, లాక్లన్‌కి కావలసిందీ అదే. టికెట్టు అతని జేబులో, ప్లాస్టిక్ తొడుగులో, తడవకుండా ఉంది.

ఉనా పుస్తకాన్ని అతని వైపు తిప్పింది. తాడుకి వేలాడుతున్న పెన్ను తీసి పేజీ మీద అడ్డంగా పెట్టింది.

"తేదీ వెయ్యలేదు నువ్వు," అంది. అని బయటికి వెళ్ళిపోయింది.

ఎవాండర్ పొయ్యి తలుపు వైపు చూశాడు. వంగి, దాన్ని గడియపెట్టాడు. మోకాలు కరకరమంది. బల్ల దగ్గర కూర్చుని తేదీ వేశాడు. పెన్ను కింద పెట్టలేదు. ఆ కిందనే సెప్టెంబరులో వచ్చిన రోజు రాసి, పక్కన తన పేరు రాశాడు. జులైలో ఇద్దరు అన్నదమ్ముల్ని తెచ్చిన రోజు రాశాడు. అంతకు ముందటేడు మే నెలాఖరుది రాశాడు. నాలుగోది గుర్తు రాలేదు.

"ఏరా, వస్తున్నావా?" బయటినించి ఉనా. "మళ్ళీ మబ్బు దిగుతోంది."

"ఉండు," అన్నాడు ఎవాండర్, పెన్ను పంటికింద పెట్టుకుని. "ఇంకొకటుంది."